పడమటి గదిలో గతం

"నవ్వకండి బాబూ! నవ్వారంటే ఇక మీకు పెళ్లి కాదు," అంది మిసెస్ మర్చీ, దొరగారి బుగ్గలకు ఓట్స్ పిండి అద్దుతూ.

రానల్డ్ దొర వచ్చే నవ్వును మింగేశాడు. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి. బొద్దుగా, ఎర్రగా, ఎప్పుడు చూసినా అప్పుడే కడుపునిండా భోంచేసి లేచినట్టుంటాడు. గొర్రెల మంద, పొద్దున్నే రెండు గిన్నెల ఓట్స్ జావ, రాత్రి ఆదమరచిన నిద్ర. ఇంతకు మించి అతనెప్పుడూ ఏమీ కోరలేదు, ఎఫీ వచ్చేదాకా.

ఎఫీ గన్ ఆ డ్రమ్‌కార్న్ బంగళాకు చిల్లులు పడ్డ తెరలకు రఫ్ఫు చేసే పని మీద వచ్చింది. మూడు వందల ఏళ్ల నాటి ఆ రాతి కొంపలో చిమ్మెట కొట్టని తెర ఒక్కటీ లేదు. ఆరు వారాల పని. వచ్చిన రోజే టీ దగ్గర రానల్డ్ తన పొట్టేలు పాదరీగారి టోపీ తినేసిన సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. వెన్న రాసిన స్కోన్ రొట్టెలు నాలుగు తింది. అతని పని అక్కడే అయిపోయింది.

మర్నాటి నుంచి ఆ పిల్ల మారిపోయింది. ముఖం వాడిపోయింది. పలకరిస్తే ఉలిక్కిపడేది. పళ్లెంలో పిట్టలా కెలికి లేచిపోయేది. రానల్డ్ కంగారుగా వంటింట్లోకి పరిగెత్తాడు.

మిసెస్ మర్చీ అతన్ని ఎత్తుకుని పెంచిన మనిషి. ఇంటి తాళాలన్నీ ఆవిడ నడుముకే ఉంటాయి.

"ఆ పిల్ల తలగడ కింద మూడు నవలలున్నాయి బాబూ," అంది గొంతు తగ్గించి. "మూడింట్లోనూ ఒకటే వరస. పాడుపడ్డ కోట, నల్లకోటు దొర, ఆయన గుండెల్లో ఎవరికీ చెప్పుకోలేని పాపం. చేసుకుంటే అలాంటివాణ్నే చేసుకుంటుందట. మీలా పళ్లికిలించేవాణ్ని కన్నెత్తి కూడా చూడదు."

"నా గుండెల్లో పాపమేమీ లేదే!"

"అదే కదా మన ఖర్మ! పుట్టించాలి."

పుట్టించారు. తాతగారి నల్లకోటు పెట్టెలోంచి తీశారు. గుండీలు పట్టలేదు. అందుకని చేతులు కట్టుకునే తిరగమంది ఆవిడ. కిటికీ దగ్గర వీపు తిప్పి నిలబడి నిట్టూర్చమంది. భోజనం సగంలో వదిలేసి లేవమంది. ఆ మిగతా సగం అతను తర్వాత సామాన్ల గదిలో నిలబడి తినేవాడు. బుగ్గల మీది పిండిని రోజుకు రెండుసార్లు కుక్క నాకేసేది.

పడమటి గదికి పెద్ద తాళం పడింది.

ఓ మధ్యాహ్నం, బయట వాన దంచి కొడుతుంటే, ఎఫీ ఆ తలుపు ముందు ఆగింది.

"ఈ గదిలో ఎవరున్నారండీ?"

రానల్డ్ నేర్చుకున్న పాఠం ప్రకారం ముఖం అటు తిప్పుకుని, "నా గతం," అన్నాడు.

గతం లోపల్నుంచి దీర్ఘంగా మూలిగింది. తర్వాత తుమ్మింది.

ఎఫీ కెవ్వుమంది. చేతిలో ఉన్న సూదుల బుట్టను కిటికీ గట్టు మీద పెట్టి, స్పృహ తప్పి అతని చేతుల్లోకి వాలిపోయింది. రానల్డ్ మెడదాకా ఎర్రబడ్డాడు. ఏ పిండీ దాచలేనంత ఎరుపు. మిసెస్ మర్చీ అక్కడే తెర వెనక ఉంది. ఆవిడ ఎప్పుడూ ఆ దగ్గర్లోనే ఉండేది. "ఆహా!" అని కళ్లొత్తుకుంది.

ఆ తర్వాత ఎఫీ మెట్ల మీద ఒకసారి, తాతల పటాల కింద ఒకసారి పడింది. పడ్డప్పుడల్లా అతనే పట్టుకున్నాడు. లేవగానే "క్షమించండి" అని గొణిగి వెళ్లిపోయేది. ఆ మొదటి రోజు టీ తర్వాత ఆరు వారాల్లో ఇద్దరూ కలిసి ఒక్క మామూలు మాట మాట్లాడుకున్నది లేదు.

ఆఖరి తెర పూర్తయింది. గుమ్మం ముందు గుర్రబ్బండి వచ్చి ఆగింది.

"మీరు కిటికీ దగ్గరే నిలబడాలి. వెనక్కి తిరగొద్దు," అంది మిసెస్ మర్చీ. "బండి కదిలాక టోపీ లేకుండా వానలో పరిగెత్తి, గుర్రాలకు అడ్డంగా పడాలి."

రానల్డ్ నిలబడ్డాడు. వెనక ఎఫీ అడుగుల చప్పుడు గుమ్మం వైపు పోతోంది. అతనికి నిజంగానే గుండె బరువెక్కింది. ఇక ఆగలేకపోయాడు.

"ఎఫీ గారూ! నాకు గతం లేదండీ!"

ఎఫీ ఆగింది.

"పాపాలూ లేవు. ఆ గదిలో ఉన్నది పొట్టేలు. దానికి జలుబు. నేను రోజూ రెండు గిన్నెల జావ తాగి గుర్రుపెట్టి నిద్రపోయే మనిషిని. ఇదిగో, ఇది ఓట్స్ పిండి!" అరచేత్తో బుగ్గ తుడిచి చూపించాడు. "మీకు కావలసిన దొరని నేను కాలేను. కానీ మీరు వెళ్లిపోతే మాత్రం ఈ కొంపలో నిజంగానే నిట్టూర్చాల్సొస్తుంది."

ఎఫీ గుడ్లప్పగించి చూసింది. తర్వాత తన పెట్టె మీద కూలబడింది. మళ్లీ స్పృహ తప్పుతుందేమోనని అతను చేతులు చాచాడు.

"అక్కర్లేదు," అంది. "ముందు తినడానికేమైనా ఉందా? ఆకలితో చచ్చిపోతున్నాను."

సామాన్ల గదిలో తను దాచుకున్న స్కోన్ రొట్టెల పళ్లెం తెచ్చి పెట్టాడు. అతను పెళ్లి మాట అడిగితే, ఐదో స్కోన్ నోట్లో ఉండగానే ఒప్పుకున్నానంది. బండి ఖాళీగా వెనక్కి పోయింది.

రానల్డ్‌కు ఇంకా ఒక్క దిగులు మిగిలింది. "పెళ్లయ్యాక మీకు విసుగేస్తుందేమో. శాపాలూ రహస్యాలూ నా దగ్గర దొరకవు. మీరేమో ఆ నవలల్ని తలగడ కింద పెట్టుకుని మరీ చదివేవారట!"

"ఆ నవలలు మర్చీ గారివండీ," అంది ఎఫీ, నోట్లోది మింగి. "మూర్ఛపోయే పిల్ల అయితేనే మీకు నచ్చుతుందని చెప్పి, మర్నాడు నేను ఎక్కడ పడాలో రోజూ వాటిలోంచే చదివి నేర్పింది ఆవిడే!"