నాలుగో నిమిషంలో గిన్నెలు

“బావా, నాలుగో నిమిషంలో ఏదో గిన్నెల చప్పుడు పడింది. తీసేయనా?” అన్నాడు బావమరిది, హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీద నుంచి జరిపి.

“తీసెయ్,” అన్నాడతను.

అది అతని భార్య చేసిన ఆఖరి పాట. ఆమె పోయి ఏడు నెలలైంది. ఇద్దరూ ఇంట్లోనే నడుపుకున్న చిన్న మ్యూజిక్ లేబుల్ నుంచి ఆ మధ్యాహ్నమే దాని విడుదల. మాటల్లేని, నింపాదిగా సాగే ఎలక్ట్రానిక్ సంగీతం. పొద్దుటి నుంచి పన్నెండుసార్లు విన్నాడు. ఒక్కసారీ ఏమీ అనిపించలేదు.

“అంట్లు నువ్వేగా తోమేవాడివి?”

“ఆఁ. రికార్డింగ్ పాడుచేశానని ఓసారి మీ అక్క కసురుకుంది. అప్పట్నుంచీ చప్పుడు కాకుండా తోమడం నేర్చుకున్నాను.”

“నిన్ను కసరకపోతే అక్కకి పొద్దుపోయేది కాదులే.”

బావమరిది కంప్యూటర్ మీదికి వంగాడు. కాసేపటికి అతని చెయ్యి ఆగిపోయింది.

“బావా, ఇది పొరపాటున పడింది కాదు. అక్కే విడిగా దాచుకుని, తెచ్చి కలిపింది. ఆ తర్వాత వచ్చే దరువంతా దీన్నుంచే పుట్టించింది. తీస్తే పాట కూలిపోతుంది.”

“ఏదీ, చూడనీ.”

తెర మీద వరుసగా డ్రమ్స్, బేస్, పియానో. వాటి కింద, ఆ గిన్నెల చప్పుడుకి ఆమె టైపు చేసిపెట్టుకున్న పేరు: ‘మా ఆయన, వంటింట్లో.’

అతను ఆ పేరు రెండుసార్లు చదివాడు. ఏడుపేమీ రాలేదు.

“ఉంచెయ్,” అన్నాడు.

ఖాళీ కాఫీ గ్లాసులు రెండూ తీసుకుని వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పాడు. ఈసారి వాటిని చప్పుడయ్యేలాగే తోమాడు.