టొరంటోల మొదటి ఐతారం

“నయాగరా!” అన్నడు బెన్నీ, ఎవ్వలకు తెల్వని ముచ్చట చెప్పినట్టు.

దెబోరా చేతిలున్న స్కేలుతోని బల్ల మీద కొట్టింది. “ఆఫీసర్ అడిగింది టొరంటోల ఏం చూస్తరని. నయాగరా ఊర్లున్నదా? మంచిర్యాలల ఏమేం ఉన్నయంటే వేములవాడ రాజన్న గుడి అన్నట్టున్నది నీ జవాబు. మల్ల చెప్పు.”

పక్క కుర్చీల లిడియా కిసుక్కున నవ్వి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నది.

“నువ్వు నవ్వకు. నిన్న కాసా లోమా అంటే హోటలన్నవ్. అది కోట. ఒక ధనవంతుడు కట్టుకున్న కోట.”

నస్పూర్ల దెబోరా నోటికి భయపడనోళ్లు లేరు. ప్రైవేట్ బడిల ఇంగ్లిష్ చెప్తది. వీసా ఇంటర్వ్యూ అంటే చాలు, చుట్టుపక్కలోళ్లు ముందుగాల ఆమె గడపే ఎక్కుతరు. తిట్లు తింటరు, పాసైతరు. కని ఈ ఇద్దరి తీరుగ సతాయించినోళ్లను ఆమె ఇప్పటిదాక చూడలే.

లిడియాది ఆసిఫాబాద్. టొరంటో కాలేజీల సీటొచ్చింది. ఆమె ఎంబడి మొగడు గూడ పోవచ్చు, పోయి పని చేసుకోవచ్చు. బొగ్గుబాయిల కాంట్రాక్టు పని పోయినకాంచి బెన్నీ ఖాళీగనే ఉన్నడు. పోయినసారి ఇద్దరికీ వీసా రాలే. మీ పెండ్లి మీద నమ్మకం కుదుర్తలేదన్నరు. కరీంనగర్ల ఏజెంట్ నరేశ్ ఒక్కటే మాట చెప్పిండు: “కొత్త జంటంటే ఆ ఊర్ల ఏడేడ తిరగాలె, ఏమేం తినాలె అని ముందుగాలే మాట్లాడుకుంటరు గద. మీ దగ్గర గా ముచ్చట్లే లేవు.”

రేపు పొద్దుగాల ఆఫీసర్ వీడియోల మాట్లాడుతడు. ఈసారి గూడ వీసా రాకపోతే ఇగ మల్ల లేదు. ఈ వీసా వాళ్లిద్దరి కంటె దెబోరాకే ఎక్కువ కావాలె.

“చెప్పున్రి. మొదటి ఐతారం ఏడికి పోతరు?”

“పొద్దుగాల చర్చికి,” అన్నది లిడియా. “అటెన్క కెన్సింగ్టన్ మార్కెట్. రంగురంగుల ఇండ్లు, పాత బట్టల దుకాన్లు. నాకొక స్వెట్టర్ కొనుక్కుంట.”

“‘నాకొక’ ఏంది? ‘ఈయనకొకటి, నాకొకటి’ అను. ఒక్కదానివే పోతున్నవా? ఆ, బెన్నీ, డిస్టిలరీ?”

బెన్నీ నసిగిండు. “అది సారా బట్టీ గద. చర్చికి పోయొచ్చి సారా బట్టీకి పోతమని ఎట్ల చెప్తం?”

“ఓరి దేవుడా! సారా కాసుడు ఎప్పుడో బందైంది. ఇప్పుడు దుకాన్లు, ఇటుక గోడలు, ఫొటోలు దిగేటోళ్లు. అయినా అడిగేటోడు ఆఫీసరు, మన పాస్టరు కాదు. ఏం తింటరు?”

“కాల్చిన మక్కకంకులు.”

లిడియా మల్ల నవ్వబోయింది.

“ఉండు, ఇది కరెక్టే. గెరార్డ్ వీధిల మనోళ్ల దుకాన్లున్నయి. కంకులు కాల్చి ఉప్పుకారం రాసిస్తరట. ఇగ సీఎన్ టవర్?”

“ఎక్కుతం,” అన్నడు బెన్నీ. “పైన అద్దం నేల మీద నిలబడితే కింద ఊరంత కనబడ్తది.”

“ఈయన ఎక్కడు,” అన్నది లిడియా. “ఎత్తుల నిలబడితే ఈయనకు కండ్లు తిరుగుతయి. మిద్దె మీద ట్యాంకి కడుగుమన్నా ఎక్కడు. నేను ఎక్కుత. ఈయన కింద నిలబడి ఫొటో తీస్తడు.”

దెబోరా దిగ్గున తలెత్తింది. “గది నేను చెప్పలే. నీకెట్ల ఎరుక?”

“ఈయనే చెప్పిండు. ఫోన్ల.”

“శాబాష్,” అన్నది దెబోరా. “పెండ్లామంటే గిట్ల ఎరుకుండాలె. అక్కడి సరస్సుల దీవుల ముచ్చట చెప్పున్రి.”

“పడవెక్కి పోతం,” అన్నడు బెన్నీ. “అన్నం డబ్బ పట్టుకపోతం. ఒడ్డున కూసుంటే నీళ్లకు అవుతల టొరంటో కనబడ్తది. లిడియాకు నీళ్లంటే భయం. దిగేదాక చెయ్యి పట్టుకుంట.”

అనుకుంటనే చెయ్యి పట్టుకున్నడు. లిడియా తల వంచుకున్నది కని చెయ్యి గుంజుకోలే.

“బాగున్నది,” అన్నది దెబోరా. “రేపు గూడ గట్లనే పట్టుకో.” పొద్దటిసంది అరిచీ అరిచీ ఆమె గొంతు బొంగురువోయింది.

“అక్కా, ఫోన్ల చూసే గిన్ని చెప్తున్నవ్. నువ్వు గూడ వచ్చి చూడాలె ఇవన్నీ,” అన్నది లిడియా.

“చూస్త తీ. రెండేండ్లయినంక, అక్కడ కాయితాలన్నీ కుదిరినంక.”

బెన్నీ మంచినీళ్లు తాగొస్తనని లోపలికి పోయిండు. శానసేపటికి వచ్చి కూసున్నడు.

ఆఫీసర్‌కు ఎట్ల కనబడ్తరో చూద్దామని దెబోరా ఫోన్ ఎత్తి పట్టింది. “జర దగ్గరికి జరుగున్రి. ఇంక జర. లిడియా, మెడ బోసిగున్నదేందే?”

లిడియా చెయ్యి మెడ మీదికి పోయింది. “మాపటికి బజార్ల కొంటనక్కా, రోల్డుగోల్డు పుస్తెలు.”

“కొత్తయి తళతళ మెరుస్తయి. ఆఫీసర్‌కు కండ్లు లేవా? వంగు.”

దెబోరా తన మెడలకెళ్లి సిలువ గుర్తు పుస్తెలు తీసింది. తాడు అరిగి, రంగు మాసింది. లిడియా జడ పక్కకు జరిపి, తల మీదికెళ్లి వేసి, పుస్తెలు సక్కగ ముంగటికి సర్దింది. బెన్నీ నేల దిక్కే చూస్కుంట కూసున్నడు.

“తలెత్తు,” అన్నది దెబోరా. “ఇప్పుడు ఇద్దరు సక్కగున్నరు.”

ఆ పుస్తెలు తొమ్మిదేండ్ల కింద బెన్నీ దెబోరా మెడల కట్టినయే.