లేతాకుపచ్చ

ఆస్పత్రి పోర్టల్‌లో ప్రతి పేజీ లేతాకుపచ్చే. రోగుల కళ్ళకు చల్లగా ఉంటుందని అప్పట్లో డిజైనరే అందరినీ ఒప్పించాడు. ఆ రంగు స్టైల్ ఫైల్లో ఒక్కచోటే ఉంటుంది. అక్కడ మారిస్తే చాలు, వేల పేజీలు ఒక్కసారిగా మారిపోతాయి.

పొద్దున మీటింగులో నీలం పెట్టమన్నారు. నీలమైతే నమ్మకంగా ఉంటుందట. ఆ డిజైనర్ ఎందుకని కూడా అడగలేదు. సీటు దగ్గరికొచ్చి ఆ ఒక్క లైను మార్చి, సేవ్ కొట్టి, చల్లారిపోయిన టీ తాగేశాడు.

ఫోను మోగింది. భార్య. కింది అంతస్తు బిల్లింగ్ కౌంటర్లో రోజంతా ఆమె చూసేది ఆ పేజీలే.

"నువ్వే మార్చావా?"

"ఆఁ. మార్చమన్నారు."

"రెండేళ్ళు నా కళ్ళముందే పెట్టావు. ఒక్క మాటన్నానా?"

"నీకు తెలీదనుకున్నా."

"పెయింటు షాపులో ఏరి ఏరి కొన్నది నేను. గుర్తుపట్టనూ?"

ఫోనులో టోకెన్ గంట వినిపించింది.

"సరేలే," అంది ఆమె. "ఇంట్లో ఆ గదికీ వేరే రంగు వేయిద్దాం. ముందు బిడ్డ కోసం కొన్న ఆ ఉయ్యాల ఎవరికైనా ఇచ్చెయ్యాలి."