ఆపని లారీ

“వాడు ఊరి మలుపు దాటాడట. ఇంకాసేపట్లో ఇక్కడుంటాడు,” అంటూ కెస్కిల్ ఫోను పక్కన పెట్టాడు.

పొయ్యి దగ్గర గుర్రపు మాంసం తరుగుతున్న తుయారా చెయ్యి ఆగింది. “రావద్దని చెప్పమన్నానుగా,” అంది.

“ఎందుకు చెప్పాలి? రానీ. కాళ్ళ మీద పడతాడేమో. పడ్డానికి నాకు కాళ్ళెక్కడున్నాయిరా అని అడుగుతాను.”

తన మాటకు తనే నవ్వాడు. దుప్పటి కింద అతని కాళ్ళు మోకాళ్ళకు కాస్త దిగువనే ఆగిపోతాయి. మిగతాది యాకూత్స్క్ నగరంలోని ఆసుపత్రి వాళ్ళు తీసేశారు. ఆ నవ్వులో తుయారా కలవలేదు, మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

పోయిన చలికాలం కెస్కిల్ ఆమెను పుట్టింట్లో దింపడానికి బయల్దేరాడు. దింపడమంటే మళ్ళీ తెచ్చుకోవడానికి కాదు. నగరంలో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే ఒకావిడతో అతనికి చాలాకాలంగా నడుస్తోంది. తుయారా బట్టల పెట్టె, కుట్టుమిషను వెనక సీట్లో పడేసి, ఇదంతా నీ మంచికే అని కూడా అన్నాడు. ఇలాంటి సమయాల్లో మగాళ్ళకు ఈ మాటే ఎలా దొరుకుతుందో! ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

చలికాలంలో ఆ దారిన ఎవరూ ఒంటరి బండిలో పోరు. వెనక జోడు బండి ఉండాల్సిందే. ఒకటి మొరాయిస్తే రెండోది ప్రాణం కాపాడుతుంది. కానీ పెళ్ళాన్ని వదిలించుకునే పనికి ఏ స్నేహితుణ్ణి తోడు రమ్మంటాడు? కెస్కిల్ ఒక్క బండితోనే బయల్దేరాడు.

కొండ ఊట పొంగి రోడ్డు మీద అద్దంలా గడ్డకట్టిన చోట కారు జారింది. పల్టీలు కొట్టి పక్కనున్న లోయలో పడింది. అతని కాళ్ళు స్టీరింగు కింద ఇరుక్కుపోయాయి. తుయారాకు చిన్న గీత కూడా పడలేదు. పైకి పాకి రోడ్డు మీద నిలబడింది. కింద పడున్న కెస్కిల్‌కు లారీ చప్పుడు వినిపించింది. దగ్గరికొచ్చింది, నెమ్మదించింది. బతికానురా దేవుడా అనుకున్నాడు. కాసేపటికి ఆ చప్పుడు మళ్ళీ పెరిగి, దూరమై, పోయింది.

తుయారా దిగి వచ్చి, చూసి కూడా ఆపకుండా పోయాడని ఏడ్చింది. తన కోటు విప్పి అతనికి కప్పింది. ఇంకో బండి వచ్చేసరికి వెలుగు పోయింది, అతని పాదాలూ పోయాయి.

నగరపు ఆవిడ ఆసుపత్రికి ఒకేఒక్కసారి వచ్చింది. దుప్పటి చదునుగా పరుచుకున్న చోటు చూసి, పనుందని వెళ్ళిపోయింది. తుయారా మాత్రం అతన్ని ఇంటికి తెచ్చుకుంది. ఎత్తి కూర్చోబెడుతుంది, స్నానం చేయిస్తుంది, అన్నీ మంచం దగ్గరే. ఇలాంటి భార్య ఎవరికి దొరుకుతుందని ఊరంతా అంటుంది. ఒకరోజు కెస్కిల్ ఆమె చేతులు పట్టుకుని, నిన్ను వదిలెయ్యాలనుకున్నాను, పాపిష్టివాణ్ణి అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

“ఇంకెక్కడికి పోతావులే,” అంటూ ఆమె అతని తల నిమిరింది.

అలా ఆమె మీద ప్రేమ పెరిగినకొద్దీ లారీవాడి మీద కసి పెరిగింది. ఆ దారి మీద ఆగకుండా పోయినవాడికి కోర్టు శిక్ష వెయ్యదు. పేరు బయటపడితే చాలు. ఇక వాడి బండి ఏ మంచులో ఆగిపోయినా పక్కనుంచి పోయే ఏ డ్రైవరూ వాడి కోసం ఆగడు. అది మరణశిక్షే, ఎప్పుడు అమలవుతుందో తెలియదంతే. అందుకే కెస్కిల్ ఫోనులో డ్రైవర్ల గ్రూపులన్నిట్లో ఆ రోజు, ఆ చోటు పెట్టి, ఆగకుండా పోయిన లారీ ఎవరిదని పదే పదే అడిగాడు. వద్దు, వాడికీ పెళ్ళాం పిల్లలుంటారు, వదిలెయ్యి అని తుయారా ఎన్నోసార్లు చెప్పి చూసింది. నీది మరీ వెన్నలాంటి మనసని అతను కొట్టిపారేశాడు. చివరికి ఈ వారం ఫోను వచ్చింది. ఆ లారీ నాదే అని పేరు, బండి నంబరు చెప్పి, ముఖాముఖి మాట్లాడాలి అన్నాడు అవతలి మనిషి.

బయట లారీ చప్పుడు విని, టీకి నీళ్ళు లేవు, మంచు కరిగించాలంటూ తుయారా మంచుదిమ్మ తేవడానికి వెనక తలుపు గుండా వెళ్ళింది. ముందు తలుపు తెరుచుకుని చలి పొగలా లోపలికి వచ్చింది, దాని వెనకే నెరిసిన గడ్డంతో ఓ భారీ మనిషి. అఫనాసి అంటే నేనే అన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

కెస్కిల్ కూర్చోమనలేదు. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. అఫనాసి తల వంచుకుని విన్నాడు. దుప్పటి వైపు ఒకసారి చూసి, ఇంత జరిగిందని నిజంగా తెలియదు తమ్ముడూ అన్నాడు.

కెస్కిల్ ఫోను ఎత్తి చూపించాడు. “నీ పేరు, బండి నంబరు రాసి పెట్టాను. నొక్కితే ఈ దారి మొత్తానికి తెలుస్తుంది. నొక్కే ముందు ఒక్కటి చెప్పు. నీకు మనిషి ప్రాణం అంత చులకనా?”

అఫనాసి జవాబు చెప్పేలోపు తుయారా మంచుదిమ్మతో లోపలికి వచ్చింది. దాన్ని బకెట్లో పెట్టి, ముఖానికి చుట్టుకున్న ఉన్ని గుడ్డ విప్పింది. అఫనాసి ఆమె వైపు చాలాసేపు చూశాడు.

“ఈవిడ మీకేమవుతుంది?”

“నా భార్య. నీలాంటివాడు చావుకు వదిలేస్తే నన్ను బతికించుకున్న మనిషి. నీ జవాబేదో ఆమెకే చెప్పు.”

అఫనాసి టోపీ పెట్టుకున్నాడు. “నేను ఆపాను తమ్ముడూ. దిగాను కూడా,” అన్నాడు. తుయారా వెనక్కి తిరిగి కప్పులు సర్దుతోంది.

“జోడు బండి వెనకే వస్తోంది, మీరు వెళ్ళండి అంది ఈవిడే.”