బయట కూర్చున్న గంట

సిద్దిపేటలో మా దవాఖాన డాక్టరు పక్కన ఉత్తగా మాట్లాడడానికే ఒక పిల్లను కూర్చోబెట్టారు. సూది లేదు, గోలీ లేదు, మనసు బాగుచేస్తుందట! మా మేనత్త బీడీలు చుడుతూనే వాడకట్టు మనసులన్నీ బాగుచేసేది. ఆమెకు కుర్చీ కూడా లేదు.

నా భార్య బాలవ్వకు పన్నెండేళ్ల తలనొప్పి. తీసుకుపోయాను.

"నిద్ర పడుతుందా అమ్మా?" అందా పిల్ల.

"మస్తు పంటది," అన్నాను.

"ఆకలైతదా?"

"నాకన్న ఎక్కువే తింటది."

"తాతా, మీరు జెర బయట కూసోండ్రి."

గంటకు బాలవ్వ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"గంతసేపు ఏం చెప్పినవే?"

"నలభై ఏండ్లల్ల నన్ను నువ్వు ఒక మాట అడుగుడు గిదే మొదలు."

ఇంతలో డాక్టరు వచ్చాడు. "ఇప్పుడెట్లుందమ్మా?"

"నయమే సార్," అన్నాను.