పాప చుక్కల మందు

“ఏమండీ, పాప ముక్కులో వేసే చుక్కల మందు మీరేమైనా పారబోశారా?”

పడవ అంచున కూర్చుని కాళ్లకు ఫిన్స్ తొడుక్కుంటున్న మొగుడు ఉలిక్కిపడ్డాడు. “నేనా? నేనెందుకు పారబోస్తాను?”

“పొద్దున పాపకు వేద్దామని చూస్తే సీసా ఖాళీ. పది రోజులొస్తుందన్నాడు డాక్టరు. నాలుగు రోజులు కూడా కాలేదు.”

“కారిపోయుంటుందిలే. మూత సరిగ్గా పెట్టవు కదా నువ్వెప్పుడూ!”

పారబోయలేదన్న మాట నిజమే. కాజేశాడు. పాప బడి నుంచి మోసుకొచ్చిన జలుబు మూడు రోజుల కిందట అతనికీ అంటుకుంది. భార్య నిద్ర లేవకముందు ఓసారి, పాపను పడుకోబెట్టాక ఓసారి, పిల్లిలా అడుగులేసుకుంటూ వెళ్లి ముక్కులో రెండేసి చుక్కలు వేసుకుంటున్నాడు. ఈ పొద్దున ఇంకోసారి వేసుకుందామని సీసాను వంచాడు, దులిపాడు, అడుగున తట్టాడు. ఒక్క చుక్క రాలింది. తను వాడినదానికి అంత సీసా ఎలా అయిపోయిందో అతనికి ఎంతకీ అంతుపట్టలేదు.

ఒక్క గుక్క గాలి పీల్చుకుని, తాడు వెంబడి నలభై మీటర్లు దిగి, అడుగున కట్టిన బిళ్ల తెంపుకుని పైకి రావాలి. ఇదీ ఇవాళ్టి పరీక్ష. బిళ్ల తెచ్చాడా, డైవింగ్ స్కూల్లో మాస్టరు ఉద్యోగం ఖాయం. తేలేదా, అతని వెనకాల ఇంకొకడు కాచుకుని ఉన్నాడు.

జలుబుతో లోతుకు దిగకూడదని ఈ విద్యలో మొదటి రోజే చెబుతారు. దిగేటప్పుడు చెవుల్లోకి గాలి ఎక్కదు. మందు వేసుకుని ఎలాగోలా దిగినా, కిందుండగా దాని పని అయిపోయిందంటే, కనుబొమల వెనక ఇరుక్కున్న గాలి పైకొచ్చేకొద్దీ ఉబ్బుతుంది. ఆ నొప్పికి నీళ్లలోనే స్పృహ తప్పినా తప్పుతుంది. ఇదంతా అతనికి కంఠతా వచ్చు. వస్తే ఏం లాభం?

“మొహం అలా పాలిపోయిందేంటండీ? బాగానే ఉన్నారా?”

“భేషుగ్గా ఉన్నాను.”

“నాకు మాత్రం కాళ్లూ చేతులూ ఆడట్లేదు. ఏదో, వాడున్నాడని ధైర్యం.”

వాడంటే ఆవిడ తమ్ముడు. ఈ పరీక్ష కోసమని వారం నుంచీ వీళ్లింట్లోనే మకాం. పైకొచ్చే మనిషికి సగం దారిలో ఎదురెళ్లి, తేడా వస్తే లాక్కురావడం అతని పని. అంత లోతుకు వెళ్లగలిగినవాడు పడవ మొత్తానికి అతనొక్కడే. అప్పటికే నీళ్లలో, తాడు పక్కన తేలుతున్నాడు.

“ఒరేయ్, మీ బావ జాగ్రత్తరోయ్!” అని అక్క అరిస్తే, సరేనన్నట్టు చెయ్యి ఊపాడు. మామూలుగా అయితే ఒట్టి వాగుడుకాయ. పొద్దుట్నుంచి నోరు విప్పలేదు. నాకంటే వీడికే ఎక్కువ భయంగా ఉన్నట్టుంది పాపం, అనుకున్నాడు బావ.

“ఇంక రెండు నిమిషాలు,” అంది పరీక్ష పెట్టే మేడమ్, వాచీ చూసుకుంటూ. “జలుబూ గిలుబూ ఏం లేవుగా?”

“అబ్బే, అలాంటివేం లేవు మేడమ్.”

నీళ్లలోకి జారాడు. గుండెల నిండా గాలి పీల్చి తలకిందులుగా దిగాడు. ఐదు మీటర్లు. ముక్కు నొక్కి పట్టి ఊదాడు. ఎడమ చెవి టప్పుమంది. కుడిది పలకలేదు. మళ్లీ ఊదాడు. ఎనిమిది మీటర్ల దగ్గర కుడిది కీచుమంటూ తెరుచుకుంది. హమ్మయ్య! పన్నెండు. కుడి కనుబొమలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది.

తాడు పట్టుకుని ఆగిపోయాడు. కింద అంతా నలుపు. ఈ నొప్పితో కిందికైతే పోగలడు. పైకి రాగలడా? రాలేకపోతే మాత్రమేం, బావమరిది ఉన్నాడుగా! ఆ ధైర్యంతోనే ఇంకో మీటరు దిగాడు. మాస్కులో, ముక్కు కింద వెచ్చగా ఏదో కారింది.

పాప గుర్తొచ్చింది. ముక్కు దిబ్బడేసి, నోరు తెరుచుకుని పడుకునే పాప. దాని మందు కాజేసి వచ్చి ఇక్కడ చస్తానా? ఛీ, నా బతుక్కి! ఉద్యోగం పోతే పోయిందనుకుని వెనక్కి తిరిగాడు.

“దిగను మేడమ్,” అన్నాడు పైకి రాగానే, మాస్కు లాగేసి. పెదవి మీదంతా నెత్తురు. “నాకు జలుబు. మూడు రోజులైంది.”

మేడమ్ కాగితం మీద అడ్డంగా గీత గీసేసింది.

భార్య అతన్ని పడవలోకి లాగి, తువ్వాలుతో ముక్కు అదిమి పట్టింది. “ఎంత పని చేశారండీ! ఈ ఉద్యోగం కాకపోతే ఇంకోటి. మీరే లేకపోతే?”

“పాప మందు తీసింది నేనే. ఒట్టు, ఐదంటే ఐదే సార్లు. రెండేసి చుక్కలు. అంతకంటే ఎక్కువ వాడి ఉంటే అడుగు.”

“ఇంకా అబద్ధాలేనా? ఐదుసార్లకే సీసా అంతా అయిపోతుందా?”

అదే కదా అతనికీ తెలియంది.

తాడు పట్టుకుని తేలుతున్న బావమరిది పొద్దుట్నుంచి మొదటిసారి నోరు విప్పాడు. గొంతు ముక్కులోంచి వచ్చింది, దిబ్బడేసిన ముక్కులోంచి.

“మిగతాది నేను వేసుకున్నానక్కా.”