అయిదో వ్యాసం

వరి పరిశోధన కేంద్రంలో ప్రమోషన్ రావాలంటే అయిదు వ్యాసాలు అచ్చయి ఉండాలి. సొలొమోనుకు సరిగ్గా అయిదున్నాయి. ఇంటర్వ్యూకు ముందురోజు బెజవాడ వెళ్ళి, అందులో ఒకటి వెనక్కి తీసుకుంటున్నానని డైరెక్టరు కాశీరావు గారికి ఉత్తరం ఇచ్చాడు.

కాశీరావు గారు కళ్ళజోడు తీశారు. "మతి పోయిందా ఏమయ్యా? కొత్త వంగడం సుడిదోమకు తట్టుకుంటుందన్న వ్యాసమేగా ఇది! ఇరవైమంది తమ వ్యాసాల్లో దీన్ని ఉదహరించారు."

"వాళ్ళెవరూ నాటలేదండి. పామర్రు రైతులు నాటారు. దోమ ఊడ్చిపెట్టేసింది."

"మన మడుల్లో తట్టుకుందిగా?"

"అక్కడ దోమను ఆపింది వంగడం కాదండి. కొలతలు తీసుకోడానికి మనం వదిలిన కాలిబాటలు. గాలీ వెలుతురూ తగిలి దోమ పెరగలేదు. రైతు అంత నేల వదలడుగా."

"నాలుగే ఉంటే ఇంకో మూడేళ్ళు ఆగాలి."

"ఆగుతానండి. ఈ సార్వా పంటకి మాత్రం ఆ విత్తనం ఎవరూ చల్లకూడదు."

కాశీరావు గారు గొంతు తగ్గించారు. "ఆ ఇరవైమందిలో మొదటివాణ్ణి నేనేనయ్యా. దాన్ని పట్టుకుని నాలుగు వ్యాసాలు రాసే ఈ కుర్చీలోకొచ్చాను."

"తెలుసండి." సొలొమోను సంచీలోంచి ఇంకో ఉత్తరం తీసి బల్లమీద పెట్టాడు. "మీ నాలుగింటికీ కలిపి టైపు చేయించుకొచ్చాను. మీరు సంతకం పెడితే చాలండి."